పార్సిల్ వ్యర్థాలు – సొంత పాత్ర: హనుమాన్ జంక్షన్ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
హోటళ్లు, టీ దుకాణాలు, కర్రీ పాయింట్ల నుంచి ఆహారపానీయాలను పట్టుకెళ్లేటప్పుడు ఏర్పడే వ్యర్థాలను తగ్గించడానికి కొనుగోలుదారులు సొంత పాత్రలు తెచ్చుకోవాలన్న సూచన ప్రపంచవ్యాప్తంగా వినిపిస్తున్నది. తెలుగు ప్రాంతంలో ఈ సూచన కొత్తది కాదు. మరచెంబు, క్యారేజీ, ప్లాస్కు వంటి పాత్రలు ఈ అలవాటుకు సాక్ష్యాలు. అయితే ‘సొంత గ్లాసు’ అనే మాటకు ఇక్కడ కులవివక్షతో ముడిపడిన చరిత్ర కూడా ఉన్నది. ఈ రెండు వారసత్వాలనూ కలిపి చూసి, జాతీయ రహదారి కూడలి అయిన హనుమాన్ జంక్షన్ వంటి ఊళ్లలో సొంత పాత్ర ఎక్కడ ఉపకరిస్తుందో, ఎక్కడ దుకాణపు ఉమ్మడి గ్లాసే మేలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పార్సిల్, సొంత పాత్ర, క్యారేజీ, కర్రీ పాయింట్, కాగితపు కప్పు, రెండు గ్లాసుల పద్ధతి, హనుమాన్ జంక్షన్.

1. ఉపోద్ఘాతం

హనుమాన్ జంక్షన్ కృష్ణా జిల్లా బాపులపాడు మండలంలో, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారిపై విజయవాడకూ ఏలూరుకూ నడుమ ఉన్న కూడలి. కూడలిలోని ఆంజనేయస్వామి ఆలయం వల్ల దీనికి ఈ పేరు ఏర్పడింది. ఇక్కడి నుంచి ఒక దారి నూజివీడుకు, మరొక దారి గుడివాడకు చీలుతుంది. నూజివీడు పేరుతో ఉన్న రైల్వే స్టేషన్ కూడా ఇక్కడే ఉన్నది. అందువల్ల ఈ ఊరి అంగళ్లలో స్థానికులు, బస్సు మారే ప్రయాణికులు, లారీ డ్రైవర్లు, చుట్టుపక్కల పల్లెల నుంచి పనిమీద వచ్చినవారు ఒకేచోట కలుస్తారు.

ఇటువంటి కూడలిలో ఆహారం కొనేవారు స్థూలంగా మూడు రకాలు. దుకాణం ముందు నిలబడి తాగేవారు, తినేవారు మొదటి రకం. కొన్నదాన్ని బస్సులోకో కారులోకో తీసుకువెళ్లేవారు రెండవ రకం. ఇంటికో, పనిచేసే చోటుకో పట్టుకెళ్లేవారు మూడవ రకం. ఈ ముగ్గురికీ నేడు దాదాపు ఒకే సామగ్రి అందుతున్నది: కాగితపు కప్పు, పలుచని పాలిథిన్ కవర్, ప్లాస్టిక్ డబ్బా. ముగ్గురి అవసరాలు వేరైనప్పుడు పరిష్కారం కూడా ఒక్కటే కాజాలదన్నది ఈ పరిశీలనకు ప్రాతిపదిక.

2. తెలుగువారి వాడుకలో మోసే పాత్రలు

ఒకసారి వాడి పారవేయడం తెలుగువారికి ప్లాస్టిక్‌తో వచ్చిన అలవాటు కాదు. విస్తరాకు, అరటాకు, దొన్నె, కల్లు తాగే తాటాకు దొప్ప అన్నీ వాడి పారవేసేవే. కాకపోతే అవి పశువుల మేతగానో పెంటకుప్పలో ఎరువుగానో మారేవి. ‘ఎంగిలాకు’ను తీసిపారవేయడం శుభ్రతలో భాగమే అయ్యింది. దానివల్ల ఊరికి భారం ఏర్పడలేదు.

మోసుకెళ్లవలసి వచ్చినప్పుడు మాత్రం ఆకు చాలదు. ద్రవపదార్థానికి మూత, పిడి, గట్టిదనం కావాలి. ప్రయాణంలో నీళ్లు ఒలకకుండా మర బిగించే మూతతో చేసిన మరచెంబు ఆ అవసరం నుంచి వచ్చినదే. పొలానికి తీసుకెళ్లే చద్దికి మూట, పాత్రలను వేలాడదీసి మోసేందుకు చిక్కం, కావడి ఉండేవి. పోతన భాగవతం దశమస్కంధంలో గోపబాలురు చల్దులారగించే ఘట్టం ఈ సంప్రదాయానికి చక్కని నిదర్శనం. ఇంటినుంచి మోసుకొచ్చిన చల్దిని వారు రాళ్లు, ఆకులు, పూలు, చిక్కాలు మొదలైనవాటినే కంచాలుగా చేసుకొని తింటారు. అన్నం మోసుకెళ్లినవి ఇంటివి, తినడానికి కంచాలైనవి ఆ చోట దొరికినవి. తినేచోట ఆకు, మోయడానికి మన్నే పాత్ర అన్న విభజన మన ఆహారవ్యవహారంలో చాలాకాలం కొనసాగింది.

పాత్రకూ పదార్థానికీ పొందిక కుదర్చడం కూడా ఈ సంప్రదాయంలో భాగమే. ఇత్తడి పాత్రలో పులుపు పదార్థం చెడుతుంది గనుక లోపల తగరంతో కళాయి పూయించేవారు. పులుసుకు ఏ గిన్నె, పెరుగుకు ఏ ముంత అన్న ఎరుక ప్రతి ఇంటిలోనూ ఉండేది. స్టీలు వచ్చాక కళాయి అవసరం తీరిపోయింది. అరలు అరలుగా పేర్చి పక్కన కొక్కేలు బిగించే స్టీలు క్యారేజీ కార్ఖానాలకు, కార్యాలయాలకు, ఆసుపత్రులకు ఇంటి భోజనాన్ని చేర్చింది. ముంబయిలో 1890 నుంచి కొనసాగుతున్న డబ్బావాలాల వ్యవస్థ కూడా ఇటువంటి డబ్బాపైనే నడుస్తున్నది. నిండుగా వెళ్లిన డబ్బా ఖాళీగా అదే ఇంటికి తిరిగి రావడం ఆ వ్యవస్థకు ప్రాణం.

3. ‘సంచి’ నుంచి ‘కవర్’కు

ఆహారం మోసే పద్ధతిలో వచ్చిన మార్పును పదాల్లోనే గమనించవచ్చు. ‘పార్సిల్’ మొదట తపాలా, రైల్వే వ్యవహారాల మాట. క్రమంగా అది హోటల్ మాట అయ్యింది. “ఇక్కడ తింటారా, పార్సిలా?” అన్న ప్రశ్న నేడు ప్రతి టిఫిన్ సెంటర్‌లోనూ వినిపిస్తుంది. ఉత్తరం పెట్టే కాగితపు తొడుగును సూచించిన ‘కవర్’ అనే మాట తెలుగు వాడుకలో పాలిథిన్ సంచికి స్థిరపడింది. సంచి ఇంటినుంచి బజారుకు వెళ్లే వస్తువు, కవర్ బజారునుంచి ఇంటికి వచ్చే వస్తువు. ఈ చిన్న తేడాలో బాధ్యత చేతులు మారింది. సంచిని ఉతికి దాచుకోవడం ఇంటివారి పని. కవర్ ఎవరిది? అమ్మినవారు దాన్ని ఇచ్చి వదిలించుకుంటారు, కొన్నవారు విప్పి పారవేస్తారు. మిగిలిన భారం పంచాయతీది, మురుగుకాలువది.

కర్రీ పాయింట్ల విస్తరణ ఈ మార్పును వేగవంతం చేసింది. అన్నం ఇంట్లో వండుకొని కూర, పప్పు, సాంబారు, పచ్చడి బయట కొనుక్కోవడం భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లకు, గదులు అద్దెకు తీసుకొని ఉండే విద్యార్థులకు, ఒంటరి వృద్ధులకు నిజమైన ఆసరా. వంటింటి చాకిరీలో కొంత భాగాన్ని స్త్రీల చేతుల మీదనుంచి తగ్గించిన వెసులుబాటు ఇది. కనుక పార్సిల్‌ను సోమరితనంగా చిత్రించడం న్యాయం కాదు. చర్చించవలసింది ఆ కూర ఏ పాత్రలో ఇంటికి చేరుతున్నదన్నదే.

ఉదాహరణకు ఒక కుటుంబం ఒక పూటకు కూర, పప్పు, సాంబారు, పెరుగు కొంటే నాలుగు చిన్న కవర్లు, వాటన్నిటినీ పట్టే పెద్ద కవర్ ఒకటి, మొత్తం ఐదు అవుతాయి. వారానికి మూడు పూటలు కొంటే పదిహేను, ఏడాదికి 780. నాలుగు అరల క్యారేజీ ఒకటి ఈ 780 కవర్ల పనిని ఏళ్ల తరబడి చేయగలదు. టీ విషయంలోనూ ఇంతే. కార్యాలయానికి నలుగురికి టీ తెప్పించుకుంటే ఒక కవర్, నాలుగు కాగితపు కప్పులు వ్యర్థాలుగా మిగులుతాయి. ప్లాస్కు, నాలుగు గ్లాసులు ఉన్నచోట మిగిలేది ఏమీ లేదు.

నూనె, కూర అంటిన కవర్‌ను పాత సామాన్లవారు సైతం కొనరు. తడిచెత్తలో వేస్తే ఎరువు పాడవుతుంది, పొడిచెత్తలో వేస్తే మిగతా చెత్త పాడవుతుంది. ఆహారపు వాసనకు పశువులు ఆ కవర్లను కూడా మింగుతాయి. కాలువలు, మురుగు డ్రెయిన్లతో నిండిన కృష్ణా డెల్టాలో తేలికైన కవర్ తూముల దగ్గర చిక్కుకొని నీటి పారుదలకు అడ్డుపడుతుంది. బుడమేరు వంటి వాగుల నీరు చివరకు చేరేది 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరిన కొల్లేటికే.

4. కాగితపు కప్పు – ఒక అపోహ

ప్లాస్టిక్ కప్పుకు బదులు కాగితపు కప్పు వచ్చినప్పుడు సమస్య తీరిందని చాలామంది భావించారు. కాగితం ఒక్కటే వేడి ద్రవాన్ని నిలుపలేదు. అందుకే లోపలివైపు సాధారణంగా పాలిథిలిన్ వంటి పలుచని పొరను అతికిస్తారు. కాగితం, ప్లాస్టిక్ ఒకదానికొకటి అంటుకొని ఉండటం వల్ల రెండింటినీ వేరుచేసి తిరిగి వాడటం సాధారణ పద్ధతుల్లో కష్టం.

ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో వెల్లడించిన అధ్యయనం ఈ విషయంలో ముఖ్యమైనది. 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం పదిహేను నిమిషాలపాటు కాగితపు కప్పులో ఉంటే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు అందులో చేరుతున్నట్లు వారు గుర్తించారు. కప్పు మారినా, ద్రవానికి తగిలే ఉపరితలం ప్లాస్టిక్‌గానే మిగిలిందని దీని అర్థం.

5. చట్టం – దాని పరిధి

కేంద్ర ప్రభుత్వం 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలను 2021 ఆగస్టులో సవరించింది. దాని ప్రకారం ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, ఫోర్కులు, స్ట్రాలు మొదలైన ఒకసారి వాడే వస్తువులపై 2022 జూలై 1 నుంచి నిషేధం అమలులోకి వచ్చింది. చేతిసంచుల కనీస మందాన్ని 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లకు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు పెంచారు. తమిళనాడు 2019 జనవరి 1 నుంచి అమలుచేసిన నిషేధంలో ప్లాస్టిక్ పూత ఉన్న కాగితపు కప్పులను కూడా చేర్చింది.

ఈ నియమాలు ఏది వాడరాదో చెబుతాయి. దాని స్థానంలో ఏది రావాలో దుకాణానికీ కొనుగోలుదారుకూ వదిలేస్తాయి. జర్మనీ చట్టం ఈ ఖాళీని పూరించే ప్రయత్నం చేసింది. అక్కడ 2023 జనవరి 1 నుంచి, పట్టుకెళ్లే ఆహారాన్ని ఒకసారి వాడే ప్లాస్టిక్ డబ్బాల్లో, కప్పుల్లో అమ్మే సంస్థలు తిరిగి వాడదగిన పాత్రను కూడా అంతకంటే ఎక్కువ ధర లేకుండా అందుబాటులో ఉంచాలి. ఐదుగురికి మించని సిబ్బంది, 80 చదరపు మీటర్లకు మించని స్థలం ఉన్న చిన్న దుకాణాలకు దీనినుంచి మినహాయింపు ఉన్నది. అయితే కొనుగోలుదారు సొంత పాత్ర తెస్తే అవి అందులో నింపి ఇవ్వాలి. చిన్న దుకాణంపై పెట్టుబడి భారం మోపకుండా, సొంత పాత్ర తెచ్చినవారిని తిప్పి పంపకుండా చూసిన ఈ ఏర్పాటు మన టిఫిన్ సెంటర్ల పరిస్థితికి దగ్గరగా ఉన్నది.

6. ‘సొంత గ్లాసు’ – విస్మరించరాని చరిత్ర

పాశ్చాత్య దేశాల్లో సొంత కప్పు తెచ్చుకోవడం పర్యావరణ స్పృహకు, కొంత పొదుపుకు గుర్తు. స్టార్‌బక్స్ 1985 నుంచి సొంత కప్పు తెచ్చినవారికి ధర తగ్గిస్తున్నది. తెలుగు పల్లెల్లో ఇదే మాట మరొక అర్థాన్ని మోసింది. టీ దుకాణాల్లో దళితులకు వేరు గ్లాసులు ఉంచడం, వాటిని చూరులోనో గోడపక్కనో విడిగా పెట్టడం, తాగినవారి చేతనే కడిగించడం, కొన్నిచోట్ల కొబ్బరిచిప్పలో పోయడం, లేదా ఇంటినుంచి గ్లాసు తెచ్చుకొమ్మనడం రెండు గ్లాసుల పద్ధతిగా ప్రసిద్ధం. 2006లో వెలువడిన ‘అన్‌టచబిలిటీ ఇన్ రూరల్ ఇండియా’ గ్రంథం ఆంధ్రప్రదేశ్ సహా 11 రాష్ట్రాల్లోని 565 గ్రామాల్లో జరిపిన సర్వే ఆధారంగా ఇటువంటి ఆచారాలను నమోదు చేసింది. దీనికి ముందు గ్లాసు కూడా లేని దశ ఉన్నది. పైనుంచి పోసే నీటికి దోసిలి పట్టడమే ఆ దశలో దళితుల ‘పాత్ర’.

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వ అధికరణం దుకాణాల్లో, హోటళ్లలో ప్రవేశానికి కులం అడ్డుకారాదని చెప్పింది. అస్పృశ్యత నేరాల చట్టంగా 1955లో వచ్చి, 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మారిన శాసనం 4వ సెక్షన్‌లో హోటళ్లలో ఉంచిన పాత్రల వినియోగాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించి, అంటరానితనం కారణంగా దాన్ని అడ్డుకోవడాన్ని శిక్షార్హం చేసింది. ఒక గ్లాసు కోసం శాసనంలో ఒక వాక్యం అవసరమయిందంటే ఆ గ్లాసుపై ఎంత అవమానం పేరుకొని ఉన్నదో గ్రహించవచ్చు. చెరువు నీళ్ల దగ్గర మొదలైన వివాదం కారంచేడు దళితుల ఊచకోతకు (1985 జూలై 17) దారితీసిన సంగతి తెలుగు సమాజం మరువలేనిది.

ఈ నేపథ్యంలో వాడి పారవేసే కప్పు ఒక విచిత్రమైన పాత్ర పోషించింది. అందరికీ ఒకే రకం కప్పు అందడంతో వేరు గ్లాసు అవసరం లేకుండా పోయింది. వివక్ష చూపవలసిన సందర్భం తప్పింది, వివక్ష చూపే మనసు మారనక్కరలేకపోయింది. ఒకరు తాగిన గ్లాసులో మరొకరు తాగవలసిన స్థితి రాలేదు గనుక ఎంగిలి, మైల భావనలు పరీక్షకు నిలబడలేదు. సమానత్వం సాధించకుండానే సంఘర్షణను దాటవేసిన వస్తువు ఇది. అయినా ఆ కప్పు చేతికి వచ్చిన రోజు గౌరవంగా అనిపించినవారి అనుభవాన్ని తక్కువచేయరాదు. దుకాణంలో గ్లాసులు తీసివేసి ‘ఎవరి గ్లాసు వారు తెచ్చుకోండి’ అన్న నియమం పెడితే, అది కొందరికి పర్యావరణ ప్రకటనగానూ మరికొందరికి పాత ఆంక్షగానూ వినిపిస్తుంది.

7. మూడు రకాల కొనుగోళ్లు – మూడు పద్ధతులు

పై చర్చ ఆధారంగా ఉపోద్ఘాతంలో పేర్కొన్న మూడు రకాల కొనుగోలుదారులకు మూడు పద్ధతులను సూచించవచ్చు.

అ) నిలబడి తాగేవారికి దుకాణపు గ్లాసు: ఇక్కడ సొంత పాత్రతో పని లేదు. గాజు లేదా స్టీలు గ్లాసు కడిగి అందరికీ ఇవ్వడమే సరైన మార్గం. ఒకే బకెట్ నీళ్లలో గ్లాసులన్నీ ముంచి తీయడంపై ప్రజల్లో ఉన్న ఏవగింపు న్యాయమైనదే. పారే నీటిలో సబ్బుతో కడిగి, వేడినీటిలో ముంచి, బోర్లించి ఆరబెట్టే ఏర్పాటు కొనుగోలుదారులకు కనిపించేలా ఉండాలి. అందరూ తాగే ఉమ్మడి గ్లాసు వ్యర్థాలను తగ్గించడంతోపాటు, కాగితపు కప్పు దాటవేసిన సామాజిక ప్రశ్నకు సూటిగా సమాధానం చెబుతుంది.

ఆ) ప్రయాణికులకు తిరిగి ఇచ్చే పాత్ర లేదా సొంత సీసా: బస్సు దిగి రెండు నిమిషాల్లో ఎక్కవలసినవారు గ్లాసు తిరిగి ఇవ్వలేరు. తరచుగా తిరిగేవారు సొంత ప్లాస్కు లేదా మూత ఉన్న స్టీలు గ్లాసు వెంట ఉంచుకోవడం సాధ్యమే. అది నేటి మరచెంబు. మిగిలినవారికి బయానా పద్ధతి పనికివస్తుంది. గోలీసోడా, కూల్‌డ్రింకు గాజు సీసాలకు ఖాళీ సీసా తిరిగి ఇవ్వడమో బయానా కట్టడమో తెలుగువారికి అలవాటైన పద్ధతే. అయితే హనుమాన్ జంక్షన్‌లో తీసుకున్న గ్లాసును ఏలూరులోనో విజయవాడలోనో తిరిగి ఇచ్చే వీలుండాలి. ఇది ఒక్క దుకాణం వల్ల అయ్యే పని కాదు. దారి పొడవునా ఉన్న దుకాణాలు, బస్‌స్టేషన్లు కలిసి చేపట్టవలసినది.

ఇ) ఇంటికి పట్టుకెళ్లేవారికి సొంత క్యారేజీ: సొంత పాత్ర సూచన అత్యధిక ఫలితమిచ్చేది ఇక్కడే. కొనేవారు స్థానికులు, వచ్చే వేళ నియతం, కొనే పదార్థం ముందుగా తెలిసినది. ఏడాదికి 780 కవర్ల లెక్క వర్తించేది కూడా ఈ ఇళ్లకే.

8. అంగడివారి అభ్యంతరాలు

సొంత పాత్రలో పోయడానికి దుకాణదారులు సందేహించడానికి కారణాలు ఉన్నాయి. మొదటిది కొలత. కవర్ పరిమాణమే నేడు కొలతగా మారింది. పెద్ద గిన్నె తెచ్చినవారికి పోసిన కూర తక్కువగా కనిపిస్తుంది, తగాదా వస్తుంది. దుకాణపు కొలతగిన్నెతో కొలిచి పాత్రలో ఒంపడం, లేదా ఖాళీ పాత్రను ముందుగా తూచి ఆ బరువును తీసివేయడం దీనికి పరిష్కారం. రెండవది శుభ్రత. సరిగా కడగని పాత్రలో పోసిన కూర పాడైతే నింద దుకాణం మీద పడుతుంది. మూత కొనేవారే తీయడం, గరిటె పాత్ర అంచుకు తగలకుండా ఎత్తునుంచి పోయడం, కడగని పాత్రను నిరాకరించే హక్కు దుకాణానికి ఉండటం అవసరం. ఈ హక్కు పాత్ర శుభ్రతకే పరిమితం కావాలి, పాత్ర తెచ్చిన మనిషి ఎవరన్నదాన్నిబట్టి మారరాదు.

మూడవది సమయం. సాయంత్రం రద్దీలో ముందే కట్టి ఉంచిన కవర్లు అందించడం సులభం. క్యారేజీ తెచ్చినవారికి వేరు వరుస, లేదా ముందుగా క్యారేజీ ఇచ్చి వెళ్లి తర్వాత తీసుకునే ఏర్పాటు ఈ ఇబ్బందిని తగ్గిస్తుంది. కవర్లు, కప్పులు కొనే ఖర్చు దుకాణానికి మిగులుతుంది. అందులో కొంత ధర తగ్గింపుగానో ఒక గరిటె ఎక్కువగానో కొనేవారికి చేరితే అలవాటు నిలుస్తుంది.

సొంత పాత్రలు చాలని సందర్భాలకు ఉమ్మడి పాత్రలే మార్గం. తెలంగాణలోని సిద్దిపేటలో విందులకు స్టీలు పాత్రలను సమకూర్చే ‘స్టీల్ బ్యాంకు’లు ఈ దిశలో చెప్పుకోదగిన ప్రయత్నం. ఇటువంటి ఏర్పాటు స్వయంసహాయక సంఘాల నిర్వహణలో కూడలి ఊళ్ల టీ దుకాణాలకూ గ్లాసులు కడిగి అందించగలదు. అయితే ఆ కడిగే పనికి తగిన కూలి, చేతితొడుగులు, వేడినీరు ఉండాలి. లేకుంటే వ్యర్థాల భారం కాలువ మీదనుంచి దిగి, గ్లాసులు కడిగే స్త్రీల చేతుల మీద పడుతుంది.

9. ఉపసంహారం

• తినేచోట ఆకు, మోయడానికి మన్నే పాత్ర అన్న విభజన తెలుగువారి పాత సంప్రదాయం. ప్లాస్టిక్ ఈ రెండు స్థానాలనూ ఆక్రమించడం వల్ల పార్సిల్ వ్యర్థాలు పెరిగాయి.

• ‘సంచి’ పోయి ‘కవర్’ రావడంతో పాత్ర బాధ్యత కొనుగోలుదారు చేతినుంచి జారి, ఎవరిదీ కాకుండా పోయింది.

• కాగితపు కప్పులోనూ ప్లాస్టిక్ పొర ఉండటం వల్ల అది నిజమైన ప్రత్యామ్నాయం కాదు.

• సొంత పాత్ర ఇంటికి పట్టుకెళ్లే కొనుగోళ్లకు తగినది. నిలబడి తాగేచోట దుకాణపు ఉమ్మడి గ్లాసు, ప్రయాణికులకు సొంత ప్లాస్కు లేదా బయానా పద్ధతి అనుకూలం.

• రెండు గ్లాసుల పద్ధతి జ్ఞాపకం ఉన్న సమాజంలో సొంత పాత్ర కొనుగోలుదారు ఇష్టంగా ఉండాలి. దాన్ని టీ పోయడానికి షరతుగా మార్చరాదు. పాత్ర తేనివారికి కూడా దుకాణంలో అందరితోపాటు అదే గ్లాసు అందాలి.